ఫ్రెండ్స్‌తో బయట తినడానికి వెళ్లే ముందు

ఎంతమంది వస్తున్నారో ముందు తేల్చుకోండి. "చూస్తాలే" అన్నవాళ్లను రానట్టే లెక్కేయండి. ఆరుగురు దాటితే ఫోన్ చేసి టేబుల్ చెప్పి పెట్టుకోవడం మంచిది. కిచెన్ ఎన్నింటికి మూసేస్తారో కూడా అప్పుడే అడిగేయండి.

అలర్జీ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఎవరికైనా వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, గుడ్డు, రొయ్యల్లాంటివి పడకపోతే ఆర్డర్ ఇచ్చే ముందే చెప్పాలి. "కాస్త తక్కువ వేయండి" అనకండి, అలర్జీ అనే మాటే వాడండి. పైన చల్లిన పలుకులు ఏరేసి తెచ్చినా లాభం లేదు, కొందరికి చిన్న ముక్క తగిలినా ప్రమాదమే. గ్రేవీలో రుబ్బి కలిపింది కంటికి కనపడదు కూడా. అన్నీ ఒకే నూనెలో వేయిస్తారేమో కనుక్కోండి. డాక్టర్ ఎమర్జెన్సీ ఇంజెక్షన్ రాసిచ్చి ఉంటే అది బ్యాగులో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి.

బిల్లు సమానంగా పంచుకుంటారా, ఎవరిది వాళ్లు కడతారా? ఇది తినకముందే మాట్లాడుకోవాలి. నేనొకసారి సూప్‌తో సరిపెట్టుకుని, ఏడుగురి విందులో ఏడో వంతు కట్టాను. ఇప్పటికీ గుర్తుంది! టిప్ ఇచ్చే ముందు బిల్లులో సర్వీస్ చార్జ్ ఇప్పటికే వేశారేమో చూడండి.

ఫోన్‌లో చార్జింగ్, జేబులో కొంత క్యాష్ ఉండాలి.

మందు తాగేవాళ్లుంటే తిరుగు ప్రయాణంలో బండి ఎవరు నడుపుతారో బయల్దేరకముందే అనుకోండి. ఆ మనిషి ఆ రాత్రి ఒక్క గ్లాసు కూడా ముట్టకూడదు.

మిగిలింది ప్యాక్ చేయించుకుంటే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తిన్నాక సినిమా ప్లాన్ ఉంటే ప్యాకింగ్ ఆశ వదులుకుని, ఆర్డరే తగ్గించి ఇవ్వండి.