పెరటి పురుగుల పాఠాలు – 3: అక్షింతల పురుగు కోశాన్ని గుర్తుపట్టడం

పోయిన పాఠంలో పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) మధ్య పరుగులు తీసే, అక్షింతల పురుగు (లేడీబర్డ్) నల్లటి పిల్లపురుగును చూశాం. అది పేనుబంకను కడుపునిండా తిని, ఆకుకు అతుక్కుని, నాలుగోసారి చర్మం విడిచి కదలకుండా ఉండిపోతుంది. అదే కోశం, అంటే పిల్లపురుగు పెద్ద పురుగుగా మారే దశ. చాలామంది ఇక్కడే పొరపడతారు. మా ఒడిశా వైపు పురుగుమందుల షాపుకెళ్లి, ఆకుల మీద పసుప్పచ్చగా ఏవో అంటుకున్నాయని ఒడియాలో చెప్తారు, సీసా తెచ్చి కొట్టేస్తారు. మన చెట్టును కాపాడే పురుగును మన చేత్తోనే చంపుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఈ పాఠం కాస్త నిదానంగా చదవండి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు చలికాలంలో చిక్కుడు పాదు లేని దొడ్డి అరుదు. అక్కడే మొదలుపెట్టండి. పాదు లేకపోతే పసుపు పేనుబంక పట్టిన జిల్లేడు కొమ్మ చాలు. ఆకు పైనా, అడుగునా, కాడల మీదా వెతకండి.

కోశం పెసరగింజంత ఉంటుంది. పసుపు, నారింజ, గోధుమ, ఏ రంగైనా కావచ్చు, మీద నల్లమచ్చలుంటాయి. రంగును నమ్ముకోకండి, ఒకే జాతి కోశం చలికి ముదురుగా, వేడికి లేతగా వస్తుంది. నమ్మాల్సింది తోకను. తోక కొస ఆకుకు గట్టిగా అంటుకుని, దాని చుట్టూ నల్లగా నలిగిన పొట్టు కనిపిస్తుంది. అది పిల్లపురుగు విడిచిన చివరి చర్మం. పట్టుగూడు ఉండదు. ఇప్పుడు గడ్డిపరకతో మెల్లగా తాకండి. ముందు భాగాన్ని చటుక్కున పైకి లేపి, మళ్లీ వాలుస్తుంది. కొన్నిసార్లు వరసగా రెండు మూడుసార్లు లేస్తుంది. ఇది ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక మరిచిపోరు.

అదే కొమ్మ మీద నున్నగా, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉన్న కోశం కనిపించవచ్చు. దానికి పొట్టూ ఉండదు, తాకినా లేవదు. అది సిర్ఫిడ్ ఈగది (పూల మీద గాల్లో నిలబడినట్టు ఎగిరే ఈగ). దాని పిల్లపురుగూ పేనుబంకనే తింటుంది, వదిలేయండి.

వంగ మొక్క దగ్గర మాత్రం ఆగాలి. ఈనెలు మిగిల్చి పచ్చదనమంతా గీకేసిన ఆకు మీద, ఒంటినిండా సన్నని నూగుతో, వెనక సగాన ముళ్ల పొట్టు కప్పుకున్న పసుపు కోశం ఉంటే అది ఎపిలాక్నా పెంకుపురుగుది. ఇదీ అక్షింతల పురుగుల కుటుంబమే గానీ ఆకు తినే రకం. ఆ ఆకులు తుంచి సబ్బునీళ్లలో వేయండి.

ఖాళీ డొల్ల దొరికితే పారేయకండి. ముందువైపు చీలి ఉంటే పురుగు క్షేమంగా బయటికొచ్చినట్టు. గుండ్రటి చిన్న కన్నం ఉంటే లోపల పరాన్నజీవి కందిరీగ పెరిగి, దాన్ని తినేసి వెళ్లినట్టు.

అభ్యాసం: ఒక కోశం ఉన్న కాడకు దారం కట్టి, రోజూ పొద్దున్నే దాని రంగు ఎలా ఉందో పుస్తకంలో రాసుకోండి. వెచ్చగా ఉంటే నాలుగైదు రోజుల్లో, చలి ఎక్కువైతే ఇంకొన్నాళ్లకు పురుగు వస్తుంది. వచ్చినప్పుడు చుక్కల్లేకుండా లేత పసుపుగా ఉంటుంది, కంగారుపడకండి. కొన్ని గంటల్లో చుక్కలు తేలతాయి. వాటిని బట్టి జాతిని పోల్చడం నాలుగో పాఠంలో.