పాత నికాన్ లెన్స్, సోనీ బాడీ: షటర్ పడేలా చేసింది ఇదే

డీఎస్‌ఎల్‌ఆర్ నుంచి సోనీ మిర్రర్‌లెస్‌కి మారాక, పాత 50 ఎంఎం నికాన్ ఏఎఫ్-డి లెన్స్‌ని (ఎపర్చర్ రింగు లెన్స్ మీదే ఉండే రకం) చిప్ లేని అడాప్టర్‌తో (కెమెరాకి లెన్స్ వివరాలేవీ పంపని జోడింపు రింగు) పెడితే షటర్ పడలేదు. కాంటాక్టులు తుడిచినా, రీసెట్ చేసినా, వేరే అడాప్టర్ పెట్టినా అంతే.

ముందు మెనూలో 'రిలీజ్ వితౌట్ లెన్స్' ఎనేబుల్ చేశాను. లేకపోతే కెమెరా అసలు లెన్సే లేదనుకుంటుంది. తర్వాత స్టెడీషాట్ (చేతి వణుకుని సరిచేయడానికి సెన్సర్‌ని కదిలించే ఏర్పాటు) అడ్జస్ట్‌ని మాన్యువల్‌కి మార్చి, ఫోకల్ లెంగ్త్ 50 ఇచ్చాను. ఇది మాత్రం వదిలేయొద్దు: అంకె తప్పితే సెన్సర్ తక్కువో ఎక్కువో కదిలి బొమ్మ అలుక్కుపోతుంది. లెన్స్ మార్చిన ప్రతిసారీ అంకె మార్చాలి. ఇక ఫోకస్: ఎపర్చర్ రింగు (వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెద్దది, చిన్నది చేసేది) ఎఫ్1.8లో పెట్టి, వ్యూఫైండర్‌లో బొమ్మని పెద్దది చేసి, పడవ మీది నంబరు అంచు పదునుగా కనపడ్డాక ఎఫ్4కి తిప్పుతాను. ఫిషింగ్ హార్బర్ సాయంత్రపు వెలుతురులో ఇలా నింపాదిగా తీయడం ఎంత హాయో!

ఎపర్చర్ రింగు లేని నికాన్ జి లెన్సులకీ, బాడీలో స్టెబిలైజేషన్ లేని మోడళ్లకీ ఇది యథాతథంగా పనికిరాదు. మెనూ పేర్లు కూడా మోడల్‌ని బట్టి కాస్త మారతాయి.