ఒక్కరే క్రూయిజ్‌కి వెళ్తున్నారా? తక్కువ ఖర్చులో టికెట్ ఎలా వెతకాలి?

క్రూయిజ్ ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర ఒంటరిగా వెళ్లేవాళ్లకు వర్తించదు. కింద చిన్న అక్షరాల్లో ‘ఒక్కొక్కరికి, ఇద్దరు ఒకే క్యాబిన్‌లో ఉంటే’ అని రాసుంటుంది. నెల్లూరులో రిటైరైన టీచరమ్మ కావచ్చు, ఒంగోలులో ఉద్యోగం చేసుకునే అబ్బాయి కావచ్చు, తోడు కుదరక ఒక్కరే బయల్దేరితే ఆ ధర రెట్టింపు దాకా పోవచ్చు. లాడ్జిలో డబుల్ రూం ఒక్కరే తీసుకున్నా అద్దె తగ్గదు కదా, ఓడలోనూ అంతే. వాళ్లు లెక్కగట్టేది గదికి. కాబట్టి మనం కూడా చవగ్గా దొరికే గది ఎక్కడుందా అని వెతకాలి. అలా వెతికితే ఒంటరి ప్రయాణం అందుబాటులోకి వస్తుందని నా గట్టి నమ్మకం.

ముందు ‘1’ అని పెట్టి చూడండి

ఏ కంపెనీ వెబ్‌సైట్ తెరిచినా గెస్టుల సంఖ్య మామూలుగా 2 అని ఉంటుంది. దాన్ని 1కి మార్చి, క్యాబిన్ ఎంచుకుని, డబ్బు కట్టే పేజీకి ముందు పేజీ దాకా వెళ్లండి. అక్కడ కనిపించే మొత్తమే మీ అసలు ధర. అంతకుముందు చూసిన అంకెలన్నీ పక్కన పెట్టేయండి.

ఆ మొత్తం ఎలా వస్తుందో తెలిస్తే ఎవరూ మిమ్మల్ని ఏమార్చలేరు. ఉదాహరణకు మనిషికి ఛార్జీ రూ.30,000, పోర్టు ఛార్జీలు, పన్నులు రూ.6,000 అనుకుందాం. ఒంటరివాళ్లకు వేసే అదనపు ఛార్జీని సింగిల్ సప్లిమెంట్ అంటారు. అది నూటికి నూరు శాతం ఉంటే 60,000కి 6,000 కలిపి రూ.66,000 అవుతుంది. యాభై శాతమే ఉంటే రూ.51,000తో సరిపోతుంది. ఇక్కడ ఒకటి గమనించండి. పోర్టు ఛార్జీలు, టిప్పులు మామూలుగా తలకు ఇంత అని వేస్తారు. గదికి ఇద్దరి డబ్బు కట్టినా ఇవి మీ ఒక్కరివే కట్టాలి. ఎవరైనా వాటిని కూడా రెండింతలు చేసి చెబితే, ఎందుకని అడగండి. మొహమాటం వద్దు.

వచ్చిన మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగించి ఒక కాగితం మీద రాసుకోండి. రెండు రాత్రుల ఓడ చవగ్గా కనిపించినా, రాత్రికి ఎంత పడుతోందో చూస్తే నాలుగు రాత్రులదే మేలనిపించే సందర్భాలు చాలా ఉంటాయి.

‘రెండో వారికి ఉచితం’ అనే ఆఫర్ చూసి, అది మనకు కాదులే అని వదిలేయకండి. 1 పెట్టి ఒకసారి, 2 పెట్టి ఒకసారి మొత్తం చూడండి. రెండింటికీ పెద్ద తేడా లేకపోతే అక్కనో పిన్నినో తీసుకెళ్లొచ్చు, అదనంగా పడేది ఆమె పోర్టు ఛార్జీలు, టిప్పులే. ఇద్దరు స్నేహితులు ఎలాగూ వెళ్తుంటే మూడో మనిషిగా వాళ్ల క్యాబిన్‌లో చేరడం ఇంకా చవక. చాలా కంపెనీలు మూడో బెర్తుకు తక్కువ తీసుకుంటాయి. గది ఇరుకైనా సర్దుకుంటామనేవాళ్లకే అది పనికొస్తుంది.

ఎక్కడ ఎక్కాలి?

మన జిల్లాల వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. విమానం ఖర్చు ఉండదు. ముంబయి నుంచి బయల్దేరే ఓడ టికెట్ నాలుగు వేలు తక్కువని సంబరపడితే, రానుపోను ఖర్చుతో తడిసి మోపెడవుతుంది. అందుకే ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా లెక్క వేయాలి.

కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడను 2021 నుంచి మన దేశంలో నడుపుతోంది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు మొదలైన క్రూయిజ్ హంబన్‌తోట, త్రికోణమలై, కాంకేశన్‌తురై రేవులకు వెళ్లింది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి, ముంబయి వైపు తిరిగే ఓడ ఆ నెలల్లో తూర్పు తీరానికి రావడం చూశాం. చెన్నై, విశాఖ షెడ్యూళ్ల కోసం ఏప్రిల్ నుంచే కన్నేసి ఉంచండి. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఒంగోలు వాళ్లకు చెన్నై దగ్గరే అయినా విశాఖకూ నేరుగా రైళ్లున్నాయి.

విదేశీ ఓడ ఎక్కాలంటే సింగపూర్ మంచి ఆరంభం. చెన్నై నుంచి విమానంలో సుమారు నాలుగు గంటలు. జెంటింగ్ డ్రీమ్ లాంటి ఓడలు అక్కడి నుంచి రెండు, మూడు రాత్రుల చిన్న ప్రయాణాలు కూడా నడుపుతాయి. ఐరోపా, అమెరికా ఓడల్లో కొన్నింటిలో అయితే ఒంటరివాళ్ల కోసమే కట్టిన చిన్న క్యాబిన్లు ఉంటాయి. 2010లో వచ్చిన నార్వేజియన్ ఎపిక్ ఓడలో ఇలాంటివి వందకు పైగా పెట్టారు. వీటికి సప్లిమెంట్ ఉండదు. అయితే ఇవి తక్కువ ఉంటాయి కాబట్టి ముందే అయిపోతాయి. ఒక్కోసారి మామూలు లోపలి గదికి ఇద్దరి ఛార్జీ కట్టినా వీటికన్నా తక్కువే పడుతుంది. రెండూ పోల్చి చూడకుండా బుక్ చేయొద్దు.

ఎప్పుడు వెళ్లాలి?

ఓడ ఏ ఊరి నుంచి బయల్దేరుతుందో ఆ ఊళ్లో బడి సెలవులు ఎప్పుడో చూడండి. మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. సింగపూర్‌లో జూన్ నెల, ఆ తర్వాత నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా సెలవులు. అప్పుడు కుటుంబాలన్నీ ఎక్కుతాయి, ఒక్క మనిషికి గది ఇవ్వడానికి కంపెనీకి మనసొప్పదు. సెలవులు ముగిసి గదులు మిగిలిపోయే జులై, ఆగస్టుల్లోనే సప్లిమెంట్ తగ్గించే అవకాశం ఎక్కువ. చెన్నై నుంచైతే దసరా, దీపావళి, సంక్రాంతి, శని ఆదివారాలు వదిలేసి, వారం మధ్యలో బయల్దేరేవి చూడండి.

విదేశీ కంపెనీలు జనవరి నుంచి మార్చి వరకు ఎక్కువ ఆఫర్లు ఇస్తాయి. ఇక చివరి నిమిషం బేరాల సంగతి. బుక్ చేసుకున్నవాళ్లు మిగతా డబ్బు కట్టాల్సిన గడువు దాటాక, రద్దయిన గదులు మళ్లీ అమ్మకానికి వస్తాయి. రిటైరైనవాళ్లకు, సెలవు వెంటనే దొరికేవాళ్లకు ఇది బంగారం లాంటి సమయం. వీసా కావాల్సిన ప్రయాణానికి మాత్రం ఈ దారి పనికిరాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలమని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో ధర ఎంత తగ్గినా, ఓడ దారి మారితే, రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది ముందే చదువుకోండి.

ఏ గది?

కిటికీ లేని లోపలి గదే అన్నిటికన్నా చవక. పగలంతా డెక్ మీదా, భోజనాల హాల్లోనే ఉంటాం కనుక నా ఓటు దానికే. గది నంబరు కంపెనీయే తర్వాత ఇచ్చే ‘గ్యారంటీ’ క్యాబిన్ అయితే ఇంకా తగ్గుతుంది. ప్రయాణంలో కడుపులో తిప్పేవాళ్లు మాత్రం దాన్ని తీసుకోవద్దు. అలాంటివాళ్లకు ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఉండే గది మంచిది, దాన్ని ఎంచుకునే వీలున్న టికెట్టే కొనండి.

ఏజెంటును ఇలా అడగండి

వెబ్‌సైట్ ధర చేతిలో పెట్టుకున్నాకే ట్రావెల్ ఏజెంటు దగ్గరకు వెళ్లండి. మాట ఇలా ఉండాలి: “అన్నా, నేనొక్కదాన్నే, రూమంతా నాకే. పోర్టు ఛార్జీలు, టిప్పులు, జీఎస్టీ అన్నీ కలిపి ఎంత పడుతుందో, క్యాన్సిల్ చేస్తే ఎంత పోతుందో వాట్సాప్‌లో రాసి పెట్టన్నా.” నోటిమాటగా చెప్పిన ధరకు డబ్బు కట్టొద్దు. కొందరు ఏజెంట్లు గంపగుత్తగా కొన్ని గదులు తీసిపెట్టుకుంటారు. బయల్దేరే రోజు దగ్గరపడితే వాళ్లూ తగ్గిస్తారు, అడిగితే నష్టం లేదు. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఆ రసీదు దాచి ఐటీ రిటర్న్‌లో చూపించుకోండి.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలేసియా తిరిగి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతాం కాబట్టి, వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించేందుకు వీలున్నదై ఉండాలి.

ఓడలో చేతి చమురు వదిలేది వైఫై, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్ల దగ్గర. అన్నీ గది కార్డు మీదే నడుస్తాయి కాబట్టి ఖర్చు తెలియదు. రోజూ రాత్రి రిసెప్షన్‌లో బిల్లు చూపించమనండి. తీరం దాటగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి, ఓడలోని నెట్‌వర్క్‌కు రోమింగ్ ఛార్జీ చాలా ఎక్కువ.

టికెట్ కొన్నాక కూడా వారానికోసారి అదే తేదీ, అదే గదికి ‘1’ అని పెట్టి ధర చూస్తూ ఉండండి. మిగతా డబ్బు కట్టే గడువులోపు తగ్గితే, కొత్త ధర ఇవ్వమని మెయిల్ పెట్టండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఆ తేడాకు ఓడలో ఖర్చుపెట్టుకునే క్రెడిట్ ఇస్తాయి. చెన్నైకి మాత్రం ముందురోజే చేరుకుని రాత్రికి అక్కడే ఉండండి. ఓడ బయల్దేరే సమయానికి చాలా ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు, గూడూరు దగ్గర రైలు రెండు గంటలు ఆగిపోయిందంటే వినరు.