వీడియో మీద పారదర్శక లోగో వేసే ముందు: ఎఫ్ఎఫ్ఎంపెగ్ (కమాండ్‌లతో వీడియోలు మార్చే టూల్) జాగ్రత్తలు

☐ లోగోలో ఆల్ఫా (పారదర్శకత సమాచారం) ఉందా? జేపెగ్‌లో ఉండదు, దాన్ని పీఎన్‌జీగా మార్చినా తెల్ల డబ్బా అలాగే ఉంటుంది. ఫైలు వివరాలు చూపే ఎఫ్ఎఫ్ప్రోబ్‌తో పిక్సెల్ ఫార్మాట్ చూడండి: ఆర్‌జీబీఏ అయితే సరే, ఆర్‌జీబీ24 అయితే ఆల్ఫా లేదు.

☐ ఇన్‌పుట్‌ల వరుస: ముందు వీడియో, తర్వాత లోగో. తిరగబడితే అవుట్‌పుట్ లోగో సైజుకు కుంచించుకుపోతుంది.

☐ అంచుల చుట్టూ నల్లటి గీత వస్తోందా? బొమ్మ రంగులు ఆల్ఫాతో ముందే గుణించి సేవ్ అయ్యుంటాయి. లోగోను వీడియో మీద పెట్టే ఓవర్‌లే ఫిల్టర్ ఇంకోసారి గుణిస్తుంది. ఓవర్‌లేలో ఆల్ఫా ఆప్షన్‌ను ప్రీమల్టిప్లైడ్‌గా పెట్టండి. చాలామంది ఇక్కడ లోగోనే తప్పుపట్టి మళ్లీ గీయిస్తారు, అనవసరం.

☐ సన్నని ఎర్ర అక్షరాలు వద్దు. వీడియోల్లో మామూలుగా వాడే 4:2:0 రంగు కుదింపులో రంగు వివరం అడ్డంగా, నిలువుగా సగమే మిగులుతుంది. తెలుగు వత్తులు అలుక్కుపోతాయి. తెల్లటి మందపాటి అక్షరాలకు నల్ల అంచు ఇస్తే నిలుస్తాయి.

☐ ఫిల్టర్ అవుట్‌పుట్‌ను మాత్రమే మ్యాప్ చేస్తే (తుది ఫైలులోకి ఎంచుకుంటే) శబ్దం పోతుంది. మొదటి ఇన్‌పుట్ ఆడియోనూ మ్యాప్ చేసి, ఆడియో కోడెక్‌ను కాపీగా పెట్టండి.

☐ కదలని లోగోకు లూప్ (బొమ్మను పదేపదే చదివే ఆప్షన్) అక్కర్లేదు. ఫేడ్ కోసం లూప్ వాడితే ఓవర్‌లేలో షార్టెస్ట్‌ను (చిన్న ఇన్‌పుట్ అయిపోగానే ఆపే ఆప్షన్) 1 చేయండి. లేదంటే ఎన్‌కోడింగ్ ఆగదు, డిస్క్ నిండుతుంది.

☐ మైనస్ వై (-y) ఆప్షన్ అదే పేరున్న పాత ఫైలును అడగకుండా చెరిపేస్తుంది. ముందు మైనస్ టీ 5 (-t 5)తో ఐదు సెకన్లు తీసి చూడండి.