ఇంట్లోనే గుడ్లకు రంగులు, 3వ పాఠం: ఊదా నీళ్లలోంచి నీలం

పోయిన పాఠంలో ఉల్లి పొట్టుతో ఇటుక రంగు తెప్పించాం కదా. అది సులువు, పొట్టూ గుడ్లూ కలిపి పొయ్యి మీద పెట్టేస్తే కాసేపట్లో పనైపోతుంది, అందుకే దాంతో మొదలుపెట్టాం. ఈసారి నీలం. ఇది తొందరపెడితే వచ్చే రంగు కాదు, ఒక రాత్రి పడుతుంది, కానీ మనం నిలబడి చేసేది గంట పని కూడా ఉండదు.

ఎర్ర క్యాబేజీ సగం గడ్డ తీసుకుని సన్నగా తరిగి లీటరు నీళ్లలో వేయండి. మరగడం మొదలవగానే మంట తగ్గించి, మూతపెట్టి అరగంట వదిలేయండి. ముక్కలు పాలిపోయి నీళ్లు చిక్కటి ఊదా రంగుకు వచ్చాయంటే రంగు దిగినట్టే. వడకట్టి, పూర్తిగా చల్లారాక 2 పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ కలపండి.

ఇక్కడే చాలామంది కంగారుపడతారు. వెనిగర్ పడగానే నీళ్లు గులాబీ వైపు తిరుగుతాయి, నీలం అన్నారు ఇదేంటి అని ఇంకేదో కలిపేస్తుంటారు. దయచేసి ఏమీ కలపకండి. ఎర్ర క్యాబేజీలో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలంగా మారుతుంది. గుడ్డు పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బనేటే, అది పులుపును విరిచేస్తుంది. అంటే నీళ్లు ఏ రంగులో ఉన్నా పెంకును అంటుకున్న చోట మాత్రం నీలమే కూర్చుంటుంది. గుడ్డు వేయగానే దాని చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి చూడండి, అది వెనిగర్, పెంకు కలిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్. పెంకు పైపొర కాస్త గరుకై రంగు పట్టడానికి వీలవుతుంది. అలాగని వెనిగర్ ఎక్కువ పోస్తే పెంకే కరగడం మొదలవుతుంది, పట్టిన రంగు కూడా పొడిలా రాలిపోతుంది. 2 చెంచాలు చాలు.

మొదటి పాఠంలో చెప్పినట్టు గట్టిగా ఉడికించి, చల్లార్చి, తుడిచిన తెల్ల గుడ్లను గాజు గిన్నెలో పెట్టి, మునిగేలా ఈ నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. గుడ్లు ఒకదానికొకటి ఆనుకుంటే ఆ చోట తెల్లటి మచ్చ మిగిలిపోతుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి చెంచాతో మెల్లగా తిప్పండి.

తీసేటప్పుడు చెయ్యి అదుపులో ఉండాలి. తడిగా ఉన్న గుడ్డు మీద రంగు జిగురు పొరలా ఉంటుంది, వేలు ఆనిస్తే వేలిముద్ర పడుతుంది, గుడ్డతో తుడిస్తే రంగు మొత్తం గుడ్డకే వచ్చేస్తుంది. చెంచాతో ఎత్తి, నీళ్లు కారనిచ్చి, జాలీ మీదో సీసా మూత మీదో నిలబెట్టి వదిలేయండి. ఆరే కొద్దీ రంగు చిక్కబడుతుంది. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, బూడిదరంగు కలిసినట్టున్న నీలం కళ్ల ముందే తేటపడుతుంది. బాగా ఆరాక దూదితో చుక్క నూనె రాస్తే మెరుపొస్తుంది. ఎండ తగిలే చోట మాత్రం పెట్టకండి, వెలిసిపోతుంది.

గోధుమరంగు గుడ్లే ఉన్నా పర్లేదు, వాటి మీద ఇదే నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. తెల్ల గుడ్డు మీదే ఆకుపచ్చ కావాలంటే, నీలం పట్టి పూర్తిగా ఆరిన గుడ్డును పసుపు మరిగించి చల్లార్చిన నీళ్లలో కాసేపు ముంచండి. చాలామంది పాలకూరతో ప్రయత్నిస్తారు గానీ దాంతో వచ్చేది కనిపించీ కనిపించని రంగు, నా మాట విని పసుపు, నీలం దారిలోనే వెళ్లండి.

తినాలనుకుంటే ఒక్క జాగ్రత్త. ఆరబెట్టడం, రంగు వేయడం, చూసుకోవడం అన్నీ కలిపి గుడ్లు బయట 2 గంటలకు మించి ఉండకూడదు, ఉడికించిన వారంలోపు తినేయాలి. పెంకు పగిలినవి ఈ రాత్రి నానబెట్టే పనికి వాడకండి.

ఇంటిపని: 3 గుడ్లు ఒకే గిన్నెలో వేయండి. ఒకటి అరగంటకు, ఒకటి 4 గంటలకు, ఒకటి పొద్దున్నే తీసి, పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ఏ నీలం నచ్చిందో, దానికి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి, ఎందుకంటే తర్వాతి పాఠంలో గుడ్డు మీద ఆకుల అచ్చులు వేస్తాం, అక్కడ ఆ లెక్క కావాలి. దానికి చిన్న చిన్న లేత ఆకులు, పాత పల్చటి నైలాన్ సాక్సు ఒకటి, దారం దగ్గర పెట్టుకోండి.