చేను కావలికి పోయేముందు కుక్కనూ ఇంటినీ సిద్ధం చేసుకోండి

దసరా దాటిందంటే మా అనంతపురం పల్లెల్లో బుడ్డల (వేరుశనగ) చేలకు కావలి మొదలవుతుంది. కాయ ఊరే సమయానికి అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రి ఏమరితే తెల్లారేసరికి సగం చేను దున్నినట్లు ఉంటుంది. అందుకే ఇంటికొకరు మంచె మీదో గుడిసెలోనో పడుకుంటారు. భుజాన దుప్పటి, చేతిలో టార్చి, వెనకాల కుక్క. కుక్క తోడుంటే ఇంట్లో వాళ్లకు ధైర్యం, నేను కాదనను. కానీ ఆ ధైర్యంతోనే చేయాల్సిన ఏర్పాట్లు మానేస్తున్నాం. కుక్క చెప్పేది ఇంట్లో ఎవరికీ అర్థం కాకపోతే అది ఉన్నా లేనట్లే. మా ఇంట్లో అదే జరిగింది.

మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. కొన్నేళ్ల కిందట మా చిన్నాయన కావలికి పోయి పొద్దున తిరిగి రాలేదు. ఏడు గంటలకు మా కుక్క నల్లోడు ఒక్కడే ఇంటికి వచ్చాడు. కాళ్లకు పైదాకా ఎర్రమట్టి, ఎద మీది వెంట్రుకల్లో పల్లేరుకాయలు. మా చేలో పల్లేరు ఉండదు, చిన్నాయన కలుపు ఉండనివ్వడు. ఆ కాయలు చూసి ఉంటే చాలు, వాడు చేను దాటి ఎక్కడో తిరిగి వచ్చాడని తెలిసేది. ఎవరం చూడలేదు. మా అవ్వ ఆకలేమో అనుకుని సంగటి ముద్ద వేసింది. వాసన చూశాడు, తినలేదు. గేటు దాకా పోతాడు, వెనక్కి వచ్చి అవ్వ ముందు నిలబడతాడు, మళ్లీ గేటు దాకా పోతాడు. ఒక్కసారి కూడా మొరగలేదు. ఆ రోజు ఇంట్లో చుట్టాలు ఉన్నారు. "కాళ్లకు అడ్డం పడుతున్నాడు, కట్టేయి నాయనా" అంటే నేనే గొలుసు వేశాను.

పది గంటలకు పక్క చేను ఆయన వచ్చి "మీ చిన్నాయన మంచె మీద లేడు, ఫోను మాత్రం అక్కడే మోగుతా ఉంది" అని చెప్పేదాకా మాకు తట్టలేదు. గొలుసు విప్పితే నల్లోడు మంచె దాకా పోయి, అక్కడ నాలుగు చుట్లు తిరిగి, వంక గట్టున ఉన్న పాడుబడ్డ బావి దగ్గర ఆగాడు. చిన్నాయన అందులో కాలు విరిగి పడి ఉన్నాడు. నీళ్లు లేని బావి కాబట్టి బతికాడు. మూడు గంటలు మేమే పోగొట్టాం. మేం ఇంటికి తిరిగొచ్చేసరికి సంగటి ముద్ద అట్లాగే ఉంది, చుట్టూ చీమలు పట్టి.

కుక్కకు తెలిసేది, తెలియనిది

మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకు వింటుంది, కుక్క చెవి దాదాపు 45,000 వరకు. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే కుక్కకు 20 కోట్లకు పైనే. అందుకే గట్టు అవతల పంది ఉందని మనకంటే ముందు దానికి తెలుస్తుంది. మనిషి భయం, టెన్షన్ కూడా కుక్కలు వాసన ద్వారా పసిగడతాయి. 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో కొందరి చేత కష్టమైన లెక్కలు చేయించి, అంతకు ముందూ తర్వాతా వాళ్ల చెమట, ఊపిరి నమూనాలు తీసుకున్నారు. శిక్షణ పొందిన కుక్కలు టెన్షన్ పడ్డప్పటి నమూనాను దాదాపు ప్రతిసారీ సరిగ్గా పట్టాయి.

ప్రమాదం తెలియడం వేరు, సాయం తీసుకురావడం వేరు. 2006లో కెనడాలో ఒక పరీక్ష చేశారు. యజమాని కుక్కతో నడుస్తూ గుండెపోటు వచ్చినట్లు కింద పడిపోతాడు, కొంచెం దూరంలో మరో మనిషి కూర్చుని ఉంటాడు. ఒక్క కుక్క కూడా ఆ మనిషిని సాయం కోరినట్లు ప్రవర్తించలేదు. దీన్నిబట్టి కుక్కకు మన మీద ప్రేమ లేదనుకుంటే పొరపాటు. 2020లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో 60 పెంపుడు కుక్కలతో ఇంకో పరీక్ష జరిగింది. యజమాని పెద్ద పెట్టెలో కూర్చుని కాపాడమని అరిస్తే 20 కుక్కలు తెరిచాయి. అదే పెట్టెలో తిండి పెడితే తెరిచినవి 19. ఆ 19లో 16 యజమాని కోసం కూడా తెరిచాయి. అంటే తెరవడం తెలిసిన కుక్కల్లో దాదాపు అన్నీ యజమానిని కాపాడాయి. మిగిలిన వాటికి మనసు లేక కాదు, ఎట్లా తెరవాలో తెలియక.

నల్లోడూ అంతే. వాడికి తెలిసిన ఒకే దారి గేటుకూ అవ్వకూ మధ్య తిరగడం. మిగతాది మనం నేర్పాలి, మనం నేర్చుకోవాలి.

కావలి మొదలయ్యే ముందు పదిహేను రోజులు

మొదట పగటిపూట ఇంట్లో ఇంకో ఇద్దరు కుక్కను వెంటబెట్టుకుని చేనంతా తిరగండి. మంచె ఎక్కడ, వంక ఎక్కడ, పాత బావులు ఎక్కడ, ఏ గట్టు మీద పొదలు ఉన్నాయి, అన్నీ చూడండి. పాడుబడ్డ బావి చుట్టూ కంప కొట్టి వేయండి, కర్రకు తెల్లగుడ్డ కట్టి పాతండి. మా బావి చుట్టూ కంప వేయడానికి తర్వాత పట్టింది ఒక పూటే.

రోజూ సాయంత్రం పది నిమిషాలు దాగుడుమూతలు ఆడించండి. కావలికి పోయే మనిషి చేలో ఎక్కడైనా దాక్కోవాలి. ఇంట్లో ఇంకొకరు కుక్కను పట్టుకుని "నాయన యాడ? చూపించు" అని వదలాలి. ఎప్పుడూ అదే మాట అనాలి. కనిపెట్టగానే మెచ్చుకుని, ఇష్టమైనది ఏదైనా పెట్టాలి. మొదట దగ్గర్లో, తర్వాత దూరంగా, ఆ తర్వాత చీకటి పడ్డాక. రెండు వారాలు ఆడితే చాలా కుక్కలకు ఆ మాట పట్టుబడుతుంది. ఇది ఇంట్లో ఆడవాళ్లతోనూ ఆడించాలి. కావలి మనిషి రాకపోతే కుక్కను తీసుకుని బయల్దేరేది వాళ్లే.

రేబిస్ టీకా గడువు చూసుకోండి. ఏడాదికోసారి వేయించాలి. పశువుల ఆసుపత్రికి పోయినప్పుడే పిడుదుల మందు, నులిపురుగుల మందు కూడా అడగండి. మెడపట్టీకి ఫోన్ నంబరు రాసి, చిన్న గంట కట్టండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. కుక్కను పస్తు పెడితే చురుగ్గా కాపలా కాస్తుందని మా వైపు కొందరు నమ్ముతారు. అది తప్పు. ఆకలితో ఉన్న కుక్క తిండి వెతుక్కుంటూ పోతుంది, ఎరలో ఉన్న విషాన్నీ తింటుంది. బయల్దేరే గంట ముందే అన్నం పెట్టండి, చేలో నీళ్లు ఉంచండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది పందుల కోసం కొందరు దొంగతనంగా లాగే కరెంటు తీగలకు. అది నేరం, మనుషులు చచ్చిపోతున్నారు. చీకట్లో కుక్క మనకంటే ముందు నడుస్తుంది కాబట్టి తీగ ముందు దానికే తగులుతుంది. ముందు పోతున్న కుక్క ఒక్క అరుపు అరిచి బిగుసుకుపోయి పడితే పాము కరిచిందనుకుని పరుగెత్తకండి. నిలబడిన చోటే ఆగండి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి, కరెంటోళ్లకు ఫోన్ చేసి లైను ఆపించండి. కుక్కను పట్టుకోవాలని చేయి పోతుంది, నాకు తెలుసు. పట్టుకోవద్దు. పందులకు పెట్టే నాటు బాంబులు ఇంకో ప్రమాదం. వాటికి పూసిన కొవ్వు వాసనకు కుక్క నోట కరుచుకుంటుంది. చేలో దొరికింది తినకుండా "వదులు" అంటే వదిలేలా అలవాటు చేయాలి.

చేలో ఉన్నప్పుడు

ప్రతి కుక్కకూ ఒక తీరు ఉంటుంది. మీ కుక్క తీరు మీకే తెలియాలి. అయినా చాలా కుక్కల్లో కనిపించేవి కొన్ని ఉన్నాయి. మనిషి వస్తుంటే ఆగకుండా అదే వరసలో మొరుగుతుంది. పాము ఉంటే ఒకే చోట చూపు పెట్టి, ముందుకు ఉరికి వెనక్కి గెంతుతూ మొరుగుతుంది. అప్పుడు టార్చి వేసి చూడండి, దగ్గరికి పోవద్దు. మొరిగే కుక్క ఉన్నట్టుండి నోరు మూసుకుని, తోక ముడిచి మీ కాళ్ల సందుకు వస్తే అది పంది కాకపోవచ్చు. చిరుతకు కుక్క ఇష్టమైన వేట. వెంటనే గుడిసెలోకి పోండి, కుక్కను కూడా లోపలికి తీసుకోండి. మంచె కింద కుక్కను కట్టేసి పైన పడుకునే వాళ్లున్నారు. కట్టేసిన కుక్క చిరుతకు ఎర అవుతుంది, దయచేసి అట్లా చేయకండి.

ఎలుగుబంటి సంగతి వేరు. మా వైపు గుట్టల్లో ఎలుగులు సీతాఫలాల కోసం, బుడ్డల కోసం దిగుతాయి. కుక్కను ఉసిగొల్పితే మొదట తరుముతుంది, ఎలుగు ఎదురు తిరగ్గానే పరుగెత్తుకుంటూ మీ దగ్గరికే వస్తుంది, వెనకాల ఎలుగు కూడా వస్తుంది. కాబట్టి కుక్కను పిలిచి దగ్గర ఉంచుకోండి. నడిచేటప్పుడు మాట్లాడుతూ, కర్ర చప్పుడు చేస్తూ నడవండి. మనిషి హఠాత్తుగా ఎదురైతేనే ఎలుగు ఎక్కువగా మీద పడుతుంది.

వంక దాటనని కుక్క మొండికేస్తే మీరూ దాటకండి. మన దగ్గర చినుకు లేకున్నా పైన వాన పడితే వంక పొంగుతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఉరుములకు కొన్ని కుక్కలు బెదిరి పారిపోతాయి. పారిపోయిన కుక్క కోసం పిడుగుల వానలో వెతకవద్దు. చాలాసార్లు అదే ఇంటికి చేరుతుంది. "కుక్క ఒక్కటే వస్తే భయపడకండి, నేను క్షేమం" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

ఫోన్ విషయం ముందే అనుకోండి. రాత్రి పదికి ఒకటి, తెల్లవారి ఐదుకు ఒకటి. ఐదున్నరకు ఫోన్ రాకపోతే ఇంట్లో వాళ్లు బయల్దేరాలి. ఫోన్ మంచె మీద కాదు, ఒంటి మీద ఉండాలి.

మనిషి రాలేదు, కుక్క వచ్చింది

కట్టేయకండి. కసరకండి. నిమిషం సేపు దాన్ని ఒళ్లంతా చూడండి. కాళ్లు తడిగా ఉన్నాయా, ఏ మట్టి అంటుకుంది, ఏ ముళ్లు, ఏ కాయలు, రక్తం ఉందా? తర్వాత కొంచెం నీళ్లు పెట్టి, పొడుగు తాడు వేసి, ముగ్గురు తగ్గకుండా దాని వెంట పోండి. తాడు మీరు లాగకూడదు, అది లాగాలి. మంచె దగ్గర చుట్లు తిరిగితే దారి తప్పిందనుకోకండి, వాసన వెతుక్కుంటోంది. ఊర్లో మిగతా కుక్కల్ని కట్టేయమనండి. తెల్లవారుజామున నేల చల్లగా, తేమగా ఉన్నప్పుడు వాసన బాగా నిలుస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ పలచబడుతుంది. ఏడు గంటల విలువ, పది గంటల విలువ ఒకటి కాదు.

కుక్క కూడా రాకపోతే అది ఆయన దగ్గరే ఉండి ఉండవచ్చు. అప్పుడు మనిషి పేరుతో పాటు కుక్క పేరు కూడా పిలవండి. బండ్లు ఆపి, అందరూ నోరు మూసుకుని ఒక నిమిషం వినండి. మూలుగో, గంట చప్పుడో వినపడుతుంది. కనపడగానే గుంపుగా మీద పడకండి. పడిపోయిన యజమాని దగ్గర కూర్చున్న కుక్క కొత్తవాళ్లను కరుస్తుంది. దానికి బాగా అలవాటైన మనిషి ముందు పోయి పేరు పెట్టి పిలిచి తాడు వేయాలి. కరిస్తే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే టీకాకు పోవాలి.

పాము కరిచి ఉంటే కట్లు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. 108కి ఫోన్ చేసి కదలకుండా ఆసుపత్రికి చేర్చండి. కట్లపాము కాటుకు నొప్పి కూడా పెద్దగా ఉండదు, గాటు కనపడలేదని ఊరుకోకండి.

గంటలో ఆచూకీ తెలియకపోతే 112కి ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలనే నియమం ఏదీ లేదు. పోలీసు కుక్కలు రావాల్సి వస్తే వాటికి వాసన కావాలి. ఆయన కప్పుకున్న దుప్పటిని ఎవరూ చేత్తో ముట్టకుండా, కర్రతో ఎత్తి శుభ్రమైన కవర్లో వేసి మూతి కట్టండి. మంచె చుట్టూ జనం తొక్కకుండా ఒకరిని కాపలా పెట్టండి.

ఆ తర్వాత

చిన్నాయన ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నాడు. నల్లోడు మూడు రోజులు ఏమీ తినలేదు, రాత్రిళ్లు గేటు దగ్గర ఊళపెట్టాడు. కుక్క ఏడిస్తే ఇంటికి అరిష్టమని పక్కింటి వాళ్లు రాళ్లు తీసుకున్నారు. ఊళ అరిష్టం కాదు. దూరమైన వాళ్లను కుక్క పిలిచే పద్ధతి అది. టోక్యోలో షిబుయా స్టేషన్ దగ్గర హచికో అనే కుక్క, 1925లో చనిపోయిన తన యజమాని కోసం 1935లో తాను చనిపోయేదాకా ఎదురుచూసింది. ఎదురుచూసే కుక్కను కొట్టకండి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి అన్నం పెట్టాలి. యజమాని పోయే దారిలోనే కాసేపు తిప్పాలి. ఆయన వాడిన తువ్వాలు ఉతకకుండా అది పడుకునే చోట వేయండి. మా అవ్వ నాలుగో రోజు అదే చేసింది. నల్లోడు తువ్వాలు మీద తల పెట్టుకుని పడుకున్నాడు, సాయంత్రానికి సగం సంగటి తిన్నాడు. మీ కుక్క నాలుగో రోజుకూ ముట్టకపోతే మాత్రం ఆగకండి, పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.