కారు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు తుప్పు పట్టిన బ్రాకెట్లని మళ్ళీ కొత్తగా చేయడం ఎలా?

కొత్త హారనో, ఆంప్లిఫయరో, సస్పెన్షన్ పార్టో పెడదామని పాతవి విప్పితే లోపల బ్రాకెట్లు, అంటే పార్టుల్ని పట్టి ఉంచే లోహపు పట్టీలు, తుప్పు పట్టి కనిపిస్తాయి, చాలామంది వాటిని అలాగే మళ్ళీ బిగించేస్తారు, లేదంటే పైపైన ఒక నల్ల స్ప్రే కొట్టేసి పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. ఎలాగూ విప్పారు కదా, ఇదే సరైన టైం, మళ్ళీ అక్కడిదాకా చెయ్యి వెళ్ళాలంటే ఇంకోసారి అన్నీ ఊడదీయాలి. పెయింట్ కొట్టడం పెద్ద పనేం కాదు, దాని ముందు చేసే క్లీనింగే అసలు పని, పెయింట్ ఎన్నాళ్ళు నిలుస్తుందో అక్కడే తేలిపోతుంది.

ముందు చూడాల్సింది: ఉంచుకోవాలా, మార్చేయాలా

స్క్రూడ్రైవర్ మొనతో తుప్పు ఉన్నచోట గట్టిగా గుచ్చి చూడండి, ముఖ్యంగా మడత ఉన్న మూలల్లో, బోల్టు కన్నాల చుట్టూ, వెల్డింగ్ అతుకుల దగ్గర. పైన ఎర్రగా పొడిలా రాలి కింద గట్టి ఇనుము తగిలితే బాగుచేసుకోవచ్చు. పెచ్చులు పెచ్చులుగా ఊడి రేకు పల్చబడిపోయినా, కన్నం గుండ్రం పోయి సాగినా ఆ బ్రాకెట్ పని అయిపోయినట్టే. సీట్ బెల్ట్, బ్రేక్, స్టీరింగ్, సస్పెన్షన్ బరువు మోసేవి అయితే లోతుగా గుంటలు పడ్డాక ఇంక ఆలోచించొద్దు, కొత్తది వేయండి, పెయింట్ బలాన్ని వెనక్కి తీసుకురాదు.

ఇంకోటి, అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకుండా తెల్లటి పొడి పట్టి ఉంటే అది దాదాపు అల్యూమినియమే, దానికి ఇనుప వైర్ బ్రష్ వాడొద్దు, ఇనుము రేణువులు అందులో ఇరుక్కుని తర్వాత అక్కడే మళ్ళీ పాడవుతుంది. నైలాన్ స్క్రబ్ ప్యాడ్, శాండ్ పేపర్ చాలు.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. పట్టేసిన బోల్టులకి ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ (మరల సందుల్లోకి దిగే పల్చటి నూనె) కొట్టి వదిలేస్తే తల విరిగే బాధ తగ్గుతుంది. రబ్బర్ బుష్షులు, ప్లాస్టిక్ క్లిప్పులు అన్నీ విడదీసి పక్కన పెట్టుకోండి.

జిడ్డు ముందు, తుప్పు తర్వాత

ఈ ఆర్డర్ మార్చొద్దు. జిడ్డు ఉండగానే రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది, తుప్పు తీసే యాసిడ్ కూడా జిడ్డుని దాటి లోపలికి పోదు. డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) వేసి పాత టూత్‌బ్రష్‌తో మూలలు తోమి, నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

తర్వాత తుప్పు. వైర్ బ్రష్, లేదా గ్రైండర్‌కి వైర్ కప్పు పెట్టి పెచ్చులు లేపేయండి, తర్వాత 80 నంబర్ శాండ్ పేపర్, దాని మీద 180. గ్రైండర్ మీద కప్పు తిరిగేటప్పుడు తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి, కాబట్టి కళ్ళకి మూసి ఉండే గాగుల్స్, దుమ్ముకి మాస్క్ లేకుండా స్విచ్ వేయొద్దు.

బ్రష్ వెళ్ళని మడతలుంటే నిమ్మ ఉప్పులో (సిట్రిక్ యాసిడ్) నానబెట్టడం నాకు బాగా నచ్చిన పద్ధతి. లీటరు వేడినీళ్ళకి 50 నుంచి 100 గ్రాములు కలిపి ప్లాస్టిక్ టబ్బులో బ్రాకెట్ మొత్తం మునిగేలా పెట్టి, గంటకోసారి తీసి బ్రష్ చేస్తూ ఉంటే తుప్పు నల్లగా బురదలా జారిపోతుంది. అయిపోగానే తీసేయాలి, మర్చిపోయి రోజుల తరబడి వదిలేస్తే మంచి ఇనుమునీ తింటుంది. జింక్ పూత ఉన్నదైతే ఆ పూత కూడా కరిగిపోతుంది, ఆ తర్వాత ప్రైమర్ (పెయింట్ కింద వేసే తొలి కోటు) తప్పనిసరి. 10.9, 12.9 అని తల మీద రాసి ఉండే హైటెన్సైల్ బోల్టులని మాత్రం యాసిడ్‌లో వేయొద్దు, హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసైపోయి బిగించాక విరిగే ప్రమాదం ఉంది, వాటికి కొత్తవే కొనండి.

తీశాక వంటసోడా నీళ్ళలో ముంచి, మామూలు నీళ్ళతో కడిగి, వెంటనే హీట్ గన్‌తోనో హెయిర్ డ్రయర్‌తోనో ఆరబెట్టాలి. వెంటనే అంటే నిజంగా వెంటనే, తడి ఇనుము మీద నిమిషాల్లోనే పసుపు పొరలా కొత్త తుప్పు వచ్చేస్తుంది. గుంటల్లో ఇంకా నల్ల మచ్చలు మిగిలితే అక్కడ మాత్రం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ రాయండి, మిగిలిన తుప్పుని గట్టి నల్ల పొరగా మారుస్తుంది. బాగా తళతళలాడే ఇనుముకి అది అక్కర్లేదు.

ప్రైమర్, పెయింట్

ఎర్త్ వైరు కూర్చునే చోటు, బోల్టు మరలు, రెండు లోహాలు ఒకదానికొకటి గట్టిగా నొక్కుకునే ముఖం, ఈ మూడింటికీ మాస్కింగ్ టేప్ వేయండి. ఎర్త్ దగ్గర పెయింట్ ఉంటే కరెంట్ సరిగ్గా పోదు, కొత్త ఆంప్లిఫయర్ గరగరమంటుంది, లైట్లు మసకగా వెలుగుతాయి. బిగింపు ముఖం మీద మందంగా పెయింట్ ఉంటే అది నలిగి బోల్టు టైట్ తగ్గిపోతుంది.

పెయింట్‌కి ముందు చిన్న పరీక్ష ఉంది. బ్రాకెట్ మీద శుభ్రమైన నీళ్ళు పోయండి, పలచగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు, చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్ళీ తుడవాలి. ఆరాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

కన్నంలోంచి తీగ వేసి గాలి ఆడే చోట వేలాడదీసి ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి, ఎక్కువ కాలం కాపాడేది అదే. స్ప్రే డబ్బా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ముందు మూలలు, అంచులు, తర్వాత పైభాగం. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది, పల్చగా రెండు మూడు కోట్లు, మధ్యలో ఎంత ఆగాలో డబ్బా మీదే ఉంటుంది. అంచుల దగ్గర పెయింట్ పల్చబడుతుంది, తుప్పు మళ్ళీ మొదలయ్యేది అక్కడే, కాబట్టి అంచుకి ఒక కోటు ఎక్కువ వేయండి. హార్డెనర్ కలిపే టూ కె పెయింట్లు వాడితే మామూలు గుడ్డ మాస్క్ పనికిరాదు, వాటిలో చాలావాటిలో ఐసోసయనేట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, సరైన రెస్పిరేటర్ లేకపోతే వాటి జోలికి పోవద్దు. ఎగ్జాస్ట్ దగ్గర ఉండే బ్రాకెట్లకి హై టెంపరేచర్ పెయింటే వాడాలి, మామూలుది కాలి ఊడిపోతుంది.

పౌడర్ కోటింగ్ చేయించుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది కానీ దాన్ని సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు, లోపల రబ్బరో ప్లాస్టికో ఉండిపోతే కరిగిపోతుంది.

తిరిగి బిగించడం

చేతికి అంటుకోవట్లేదంటే ఆరిపోయిందని కాదు. డబ్బా మీద పూర్తిగా గట్టిపడడానికి రాసిన టైం అయ్యాకే బిగించండి, తొందరపడితే వాషర్ కింద పెయింట్ ముడతలు పడి లేచిపోతుంది. అల్యూమినియం మీద స్టీల్ బోల్టు కూర్చునేచోట నైలాన్ వాషరో, యాంటీసీజ్ పేస్టో (బోల్టు పట్టేయకుండా రాసేది) వేస్తే రెండు లోహాల మధ్య వచ్చే తుప్పు తగ్గుతుంది, కానీ పేస్ట్ వేసిన బోల్టు అదే టార్క్‌కి (తిప్పే బలానికి) ఎక్కువ బిగుసుకుంటుంది, మాన్యువల్ చూసి బిగించండి. ఎర్త్ పాయింట్ బిగించాక పైన కొంచెం గ్రీజు పూయండి. స్పానర్ తగిలి గీతలు పడ్డచోట చిన్న బ్రష్‌తో టచప్ చేసి, మడతల్లోకి క్యావిటీ వ్యాక్స్ (లోపలి సందుల్లో తుప్పు రాకుండా కొట్టే మైనం) కొట్టండి, అయితే కింద నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోకుండా చూసుకోండి.